పాత మోటర్‌హోమ్ కిటికీలు మసకబారితే: హైదరాబాద్‌లో బాగుచేసుకునే, మార్చుకునే పద్ధతి

హైదరాబాద్‌లో పాత మోటర్‌హోమ్ అంటే ఎక్కువగా సినిమా షూటింగుల్లో తిరిగి తిరిగి అమ్మకానికి వచ్చిన క్యారవాన్ అయి ఉంటుంది. లేదంటే ఏ బస్సు ఛాసిస్ మీదో, టెంపో ట్రావెలర్ మీదో సొంతంగా బాడీ కట్టించుకున్నది. అరుదుగా విదేశాల నుంచి వచ్చిన బండి కూడా కనిపిస్తుంది. ఏదైనా సరే, కొన్నేళ్లు ఎండకీ వానకీ బయట నిలబడితే ముందు చెడిపోయేది కిటికీలే. పొద్దున్న అద్దం లోపల చెమ్మ పడుతుంది, మధ్యాహ్నానికి అది ఆరి తెల్లటి మరకగా మిగులుతుంది, పాత నల్ల ఫిల్మ్ ఊదారంగుకి తిరిగి బుడగలు తేలుతుంది.

చాలామంది నేరుగా గ్లాస్ షాపుకి వెళ్లి "అన్నా, అద్దం మార్చెయ్" అంటారు. కొత్త అద్దం వేస్తారు, ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి అదీ మసకబారుతుంది. ఎందుకంటే అద్దం కూర్చున్న ఫ్రేమును ఎవరూ పట్టించుకోలేదు. కింది అంచు నీళ్లలో నానుతూ ఉంటే ఎంత మంచి సీలైనా నిలవదు. అందుకే ఇక్కడ రెండు విషయాల మీద ఎక్కువ సేపు ఆగుతాను. మసక ఏ పొరలో ఉందో తేల్చుకోవడం మొదటిది. ఫ్రేములో చేరిన నీటికి బయటికి దారి చేయడం రెండోది.

మసక ఎక్కడుంది?

దీనికి ఖర్చేమీ లేదు, ఒక పొద్దుటి పూట చాలు. తెల్లవారుజామున, ఎండ పడకముందే బండి దగ్గరికి వెళ్లండి. అద్దం లోపలి వైపు తడిగుడ్డతో ఒక చోట తుడవండి. బయటివైపు సరిగ్గా అదే చోట తుడవండి. రెండుసార్లు తుడిచినా మసక కదలకపోతే అది రెండు అద్దాల మధ్య ఉన్నట్టు, లేదా ఫిల్మ్‌లో, లేదా లామినేషన్ పొరలో ఉన్నట్టు.

ఇప్పుడు ఫోన్ టార్చ్ వేసి అద్దానికి దగ్గరగా ఏటవాలుగా పట్టండి. ఒక్క అద్దమే అయితే వెలుగు రెండు చుక్కలుగా, దాదాపు అంటుకుని కనిపిస్తుంది. నాలుగు చుక్కలు, అవీ రెండేసి జంటలుగా ఎడంగా కనిపిస్తే అది డబుల్ గ్లాస్. మన దగ్గర అద్దాలు కోసి యూనిట్లుగా కట్టే ఫ్యాబ్రికేటర్లు దీన్ని డీజీయూ (డబుల్ గ్లేజ్డ్ యూనిట్) అంటారు. మధ్యలో అల్యూమినియం పట్టీ (స్పేసర్) అంచుల వెంట మెరుస్తూ ఉంటుంది. ఆ పట్టీ లోపల చెమ్మ పీల్చే గుళికలు నింపుతారు.

డబుల్ గ్లాస్‌లో చెమ్మ చేరే తీరు తెలిస్తే మిగతా పని సులువవుతుంది. ఎండలో నిలబెట్టిన బండిలో రెండు అద్దాల మధ్య గాలి బాగా వేడెక్కి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి కుంచించుకుంటుంది. సీలులో సన్నటి పగులు ఉన్నా చాలు, ఆ యూనిట్ ఊపిరి తీసుకున్నట్టు రోజూ కొంచెం తేమ గాలిని లోపలికి లాక్కుంటుంది. కొంతకాలం గుళికలు ఆ తేమను పీల్చుకుంటాయి. అవి నిండిపోయిన రోజు నుంచి అద్దం మీద చెమ్మ కనబడుతుంది. అంటే మీకు మసక కనిపించే సమయానికి సీలు పోయి చాలాకాలమే అయ్యుంటుంది. ఒకే చోట, ఒకే దిక్కుకి పార్క్ చేసే బండిలో పడమటి ఎండ తగిలే వైపు కిటికీలు ముందు పోవడం కూడా ఇందుకే.

చెమ్మ పొద్దున్న వచ్చి మధ్యాహ్నానికి పూర్తిగా పోతుంటే అద్దం ఇంకా బాగానే ఉంది, సీలు కొత్తగా వేస్తే చాలు. ఎంత ఎండలోనూ పోని తెల్లటి పాలపొర ఉంటే నీళ్లు అద్దం ఉపరితలాన్నే తినేశాయని అర్థం. తేమ గాజులోని క్షారాన్ని బయటికి లాగి మళ్లీ గాజు మీదే పనిచేస్తుంది. తేలికపాటిదైతే సీరియం ఆక్సైడ్ అనే గాజు మెరుగుపెట్టే పొడితో పాలిష్ చేస్తే కొంత పోతుంది. లోతుగా దిగితే ఆ అద్దాన్ని వదులుకోవడమే.

మసక అంచుల దగ్గర మొదలై పాలు పోసినట్టు లోపలికి పాకుతూ ఉంటే, అద్దం ఒకటే మందంగా ఉంటే, అది లామినేటెడ్ గ్లాస్. రెండు గాజుల మధ్యనున్న ప్లాస్టిక్ పొర తేమ పీల్చి విడిపోతోంది. దీనికి రిపేర్ అంటూ ఏదీ లేదు.

ఫిల్మ్ సంగతి తేలిక. గోటితో అంచు గీరితే లేస్తుంది. ఊదారంగు, బుడగలు, ముడతలు అన్నీ ఫిల్మ్‌లోని రంగు, జిగురు చెడిపోయిన గుర్తులు. ఇలాంటప్పుడు అద్దం మార్చే పనే లేదు. డబ్బులు పెట్టేముందు ఈ ఒక్కటి మాత్రం తప్పకుండా చూసుకోండి.

గాజా, యాక్రిలిక్కా?

యూరప్ తరహా క్యారవాన్లలో, వాటిని చూసి ఇక్కడ కట్టిన కొన్నింటిలో కిటికీ మొత్తం యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్‌తో ఉంటుంది. వేలి కణుపుతో తట్టి చూడండి. గాజు కణకణమంటుంది, చేతికి చల్లగా తగులుతుంది. యాక్రిలిక్ మొద్దుగా మోగుతుంది, తేలిగ్గా ఉంటుంది, పైకి తెరుచుకునే కిటికీ అయితే చేతిలోనే ఆ తేడా తెలిసిపోతుంది. టఫెన్డ్ గాజుకి, అంటే వేడిచేసి గట్టిపరిచిన గాజుకి, ఒక మూలలో చెరగని ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఫోటో తీసి దాచుకోండి, కొత్తది ఆర్డర్ ఇచ్చేటప్పుడు చూపించవచ్చు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, గాజుకి పనికొచ్చే మందులు యాక్రిలిక్‌ని చంపేస్తాయి. థిన్నర్, పెట్రోల్, స్పిరిట్, అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ ఏది తగిలినా యాక్రిలిక్‌లో సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు పుడతాయి. అవి పుట్టాక ఏ పాలిష్‌కీ పోవు.

రంగు అద్దం, చట్టం

మోటర్ వాహనాల కేంద్ర నిబంధనలు, 1989లోని 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అద్దం మీద తర్వాత అంటించే ఫిల్మ్ ఎంత పలచనిదైనా నిషిద్ధమైంది. ఆ తర్వాత నిబంధనలు మారాయి కాబట్టి పైన చెప్పిన శాతాలు తగ్గకుండా ఉంటే ఫిల్మ్ వేసుకోవచ్చని 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు చెప్పింది. హైదరాబాద్ రోడ్ల మీద మాత్రం ట్రాఫిక్ పోలీసులు బ్లాక్ ఫిల్మ్ మీద స్పెషల్ డ్రైవ్‌లు చేస్తూనే ఉంటారు. ప్రతి చెక్‌పోస్ట్ దగ్గరా కేరళ తీర్పు గురించి వాదించుకుంటూ ప్రయాణం చేయలేం.

నా సలహా ఒకటే. పాత ఫిల్మ్ తీసేయండి, కొత్త ఫిల్మ్ జోలికి పోకండి. తయారీలోనే రంగు కలిసిన గాజు, అంటే గ్రే, బ్రాంజ్, గ్రీన్ టింటెడ్ గ్లాస్ వేయించుకోండి. ఆ రంగు గాజు కరిగినప్పుడే కలుస్తుంది కాబట్టి ఊడేదీ కాదు, ఊదాగా మారేదీ కాదు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఆ మందంలో వెలుతురు ఎంత శాతం వస్తుందో కంపెనీ షీటులో చూపించమనండి. అదే రంగు గాజు మందం పెరిగితే వచ్చే వెలుతురు తగ్గుతుంది. డబుల్ గ్లాస్‌లో రెండు శాతాలను గుణించాలి. బయటి గాజు 60 శాతం, లోపలి క్లియర్ గాజు 90 శాతం వదిలితే రెండూ కలిసి వదిలేది 54 శాతమే. పక్క కిటికీకి కావలసిన 50కి కాస్త పైనే ఉంది కాబట్టి పర్వాలేదు. బయటిది 55 దగ్గర ఉంటే మాత్రం లెక్క కింద పడిపోతుంది.

షూటింగ్ క్యారవాన్లలో గోప్యత కోసమే నల్ల ఫిల్మ్ వేసేవారు. ఆ అవసరం బండి ఆపినప్పుడే కదా. లోపలివైపు మడత పడే బ్లైండ్లో, వెండి పూత ఉన్న తెరలో పెట్టుకుంటే ఆగినప్పుడు దింపుకోవచ్చు, నడిపేటప్పుడు ఎత్తేయవచ్చు.

కిటికీ సైజు మార్చడం, కొత్త కిటికీ కోయడం వేరే సంగతి. అది మోటర్ వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పు కిందికి వస్తుంది, రవాణా శాఖ అనుమతి కావాలి. ఉన్న చోట ఉన్న సైజు అద్దం వేస్తే ఆ గొడవ లేదు.

ఎప్పుడు, ఎక్కడ

ఫిబ్రవరి నుంచి మే మొదటి వారాల దాకా మంచి కాలం. గాలి పొడిగా ఉంటుంది, ఫ్రేము వెనక ప్లైవుడ్ ఆరుతుంది, సీలెంట్ తడి లేని లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మాత్రం వద్దు. లోహం చేయి పెట్టలేనంత కాలుతుంటే సీలెంట్ సరిగా పరుచుకోదు. పొద్దున్న తొమ్మిదిలోపు లేదా సాయంత్రం నీడలో చేయండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. తప్పనిసరైతే కప్పు ఉన్న షెడ్డు వెతుక్కోండి.

సీలెంట్లు, బ్యూటైల్ టేపు (మెత్తటి జిగట రబ్బరు పట్టీ), రబ్బరు బీడింగు, వెల్వెట్ ఛానల్ (జారే అద్దం నడిచే మెత్తటి గాడి) లాంటివి రాణిగంజ్ చుట్టుపక్కల హార్డ్‌వేర్, రబ్బరు షాపుల్లో దొరుకుతాయి. బస్సు బాడీ పని తెలిసిన మేస్త్రీలు కావాలంటే హయత్‌నగర్ వైపు ఆటోనగర్‌లో వాకబు చేయండి. డీజీయూ కోసం కారు అద్దాల షాపులకి కాకుండా భవనాల అద్దాలు చేసే ఫ్యాబ్రికేటర్ల దగ్గరికి వెళ్లండి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి భవనాలు చాలా డబుల్ గ్లాస్‌తోనే లేచాయి కాబట్టి ఈ పని చేసేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. చిన్న ఆర్డర్ అని మొదట కాదనవచ్చు. కిటికీలన్నీ ఒకేసారి ఇస్తామంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

పాత ఫిల్మ్ తీయడం

గాజు కిటికీలకే ఇది. అద్దాన్ని ఎండలో వేడెక్కనివ్వండి లేదా హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేయండి. ఒక మూల బ్లేడుతో లేపి, నెమ్మదిగా, అద్దానికి దగ్గరగా మడిచినట్టు లాగండి. గబగబా లాగితే ఫిల్మ్ చిరిగి జిగురంతా అద్దం మీదే ఉండిపోతుంది. మిగిలిన జిగురు మీద గోరువెచ్చని సబ్బు నీళ్లు చల్లి, పైన నల్ల ప్లాస్టిక్ కవర్ అంటించి ఎండలో గంటసేపు వదిలేయండి. తర్వాత కొత్త బ్లేడున్న స్క్రేపర్‌తో ఒకే దిక్కుకి గీయండి. అద్దం తడిగా ఉండాలి, బ్లేడు మీద తుప్పు ఉండకూడదు.

కొందరు అమోనియా వాడమంటారు. పనిచేస్తుంది, కానీ మూసిన బండిలో ఆ ఘాటు ప్రమాదకరం. తలుపులన్నీ తెరిచి, మాస్కు, గ్లౌజులు వేసుకుని మాత్రమే వాడండి. బ్లీచింగ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి.

కిటికీ బయటికి తీయడం

మన బళ్లలో కిటికీ బిగించే తీరు మూడు విధాలు.

లోపలివైపు స్క్రూలతో ఒక ఫ్రేము, బయటివైపు అంచున్న ఫ్రేము, మధ్యలో బాడీ గోడ ఉంటే అది బిగింపు రకం. లోపలి స్క్రూలన్నీ తీసి లోపలి ఫ్రేమును పక్కన పెట్టండి. బయటి అంచు కింద పలచని ప్లాస్టిక్ పుట్టీ కత్తి దూర్చి పాత సీలెంట్‌ని చుట్టూ కోయండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే అల్యూమినియం వంగుతుంది, ఇక అది మళ్లీ సరిగా కూర్చోదు. బయట ఒక మనిషి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాకే లోపలి నుంచి తోయండి. డబుల్ గ్లాస్ కిటికీ బరువు ఊహించినదానికంటే ఎక్కువ ఉంటుంది.

బస్సు రకంలో అద్దం రబ్బరు బీడింగులో కూర్చుంటుంది. ముందు బీడింగు మధ్యలో ఉన్న సన్నని లాకింగ్ పట్టీని లాగేయాలి. అప్పుడు రబ్బరు వదులవుతుంది. లోపలి పెదవిని మడిచి, ఒక పై మూల నుంచి అద్దాన్ని బయటికి తోయాలి. రబ్బరు ఎండకి గట్టిపడి పెళుసుగా ఉంటే కోసి పారేయండి. పాత రబ్బరుని మళ్లీ వాడటం పొదుపు కాదు.

మూడోది నేరుగా బాడీకి అంటించిన అద్దం. దీన్ని తీగతో కోసి తీయాలి. విండ్‌షీల్డ్ పని చేసే ఫిట్టర్‌కే అప్పగించండి.

జారే కిటికీ అయితే ముందు చూడాల్సింది వెల్వెట్ ఛానల్. అది అరిగి మట్టి పట్టి ఉంటే అద్దం మీద గీతలు పడి, వాటినే మనం మసక అనుకుంటూ ఉంటాం.

నీటికి దారి

ఇక అసలు పని. ఖాళీ ఫ్రేమును బల్ల మీద పెట్టి కింది పట్టీ చూడండి. వాన నీళ్లు ఎంతో కొంత ఫ్రేములోకి దిగడం సహజం. దిగిన నీళ్లు బయటికి పోవడానికి కింది పట్టీలో చిన్న చిల్లులు లేదా గాడులు ఉంటాయి. పాత బళ్లలో ఇవి మట్టితో, చచ్చిన పురుగులతో, అన్నిటికంటే ఎక్కువగా ఎవరో మేస్త్రీ మంచి మనసుతో పూసిన సిలికాన్‌తో మూసుకుపోయి ఉంటాయి. కారుతోందని చెప్పగానే కనిపించిన ప్రతి సందునీ సిలికాన్‌తో మూసేయడం మామూలే. అప్పుడు నీళ్లు లోపలే నిలుస్తాయి, డబుల్ గ్లాస్ అంచు నానుతుంది, సీలు విడుతుంది. పక్కనే గోడలోని ప్లైవుడ్ కూడా కుళ్లుతుంది.

పాత సీలెంట్ అంతా చెక్క పుల్లతో, ప్లాస్టిక్ గీకుడు కత్తితో తీసేయండి. చిల్లుల్లో సన్నటి తీగ దూర్చి శుభ్రం చేయండి. ఇక్కడ కట్టిన చాలా బాడీల్లో అసలు చిల్లులే ఉండవు. అలాంటప్పుడు కింది పట్టీ బయటి గోడలో రెండు చివరలకీ దగ్గరగా ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి, 5 నుంచి 6 మి.మీ. చిల్లులు వేయించండి. ఫ్రేములో కప్పు నీళ్లు పోసి చూడండి. నీళ్లన్నీ బయటివైపే, ఆగకుండా పోవాలి. గోడవైపు ఒక్క చుక్క వచ్చినా ఆ మూల జాయింటుని సీలెంట్‌తో మూయాలి. ఫ్రేములో సీలెంట్ కావలసినవి మూల జాయింట్లు, స్క్రూ కన్నాలు మాత్రమే.

గోడ అంచుని స్క్రూడ్రైవర్ మొనతో నొక్కుతూ చుట్టూ చూడండి. మెత్తగా దిగితే ఆ చెక్క పోయినట్టే. దాన్ని కోసి మెరైన్ ప్లై, అంటే తడికి తట్టుకునే ప్లైవుడ్ ముక్క వేయించండి. తడిగా ఉంటే పూర్తిగా ఆరేదాకా కిటికీ పెట్టకండి. ఈలోగా బయటి నుంచి ప్లాస్టిక్ షీటు కప్పి పైన టేపు వేసి ఉంచవచ్చు.

ఇంకొకటి, అద్దం ఫ్రేము అడుగుకి నేరుగా ఆనకూడదు. కింది అంచులో, రెండు చివరల నుంచి పావు వంతు దూరంలో, 3 మి.మీ. మందం ఉన్న గట్టి రబ్బరు ముక్కలు రెండు పెట్టండి. అద్దం వాటి మీద నిలబడితే కింద నీళ్లు పోవడానికి సందు ఉంటుంది. ఆ ముక్కలు చిల్లులకి అడ్డం రాకూడదు. పది రూపాయల పనిలా కనిపించే ఈ రెండు ముక్కలే కొత్త యూనిట్‌ని ఏళ్ల తరబడి కాపాడతాయి.

పాత యూనిట్ విప్పాలా, కొత్తది చేయించాలా?

గాజు బాగుండి సీలు మాత్రమే పోతే విప్పి మళ్లీ సీలు వేయవచ్చు. అంచుల్లోని నల్ల సీలెంట్‌ని సన్నటి కత్తితో, తీగతో కోసి రెండు గాజులు విడదీస్తారు. తోలు గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. గాజుల్ని సబ్బు నీళ్లతో, తర్వాత స్పిరిట్‌తో తుడిచి కొత్త స్పేసర్, కొత్త గుళికలు వేసి మళ్లీ మూస్తారు. వాడే గుళికలని 3ఏ మాలిక్యులర్ సీవ్ అంటారు. డబ్బా మూత తీసి వదిలేస్తే అవి గాలిలోని తేమనే పీల్చేసుకుంటాయి. అందుకని ఏసీ వేసిన పొడి గదిలో, మూసేముందు మాత్రమే నింపాలి.

ఇంట్లో చేయడం అసాధ్యం కాదు. కానీ నేనైతే ఫ్యాబ్రికేటర్‌కే ఇస్తాను, ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. స్పేసర్‌లో సీవ్ నింపుతారా? బ్యూటైల్ మొదటి సీలు, దానిపైన పాలీసల్ఫైడ్ లేదా సిలికాన్ రెండో సీలు, రెండూ వేస్తారా? ఉత్త స్పేసర్ పెట్టి చుట్టూ సిలికాన్ పూస్తామంటే అక్కడ పని ఇవ్వకండి. సిలికాన్ నీళ్లని ఆపుతుంది గానీ నీటి ఆవిరిని ఆపదు. ఆవిరిని ఆపేది బ్యూటైలే.

గాజుకి చిన్న కన్నం వేసి లోపల ఆరబెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. టఫెన్డ్ గాజుకి డ్రిల్ తగిలితే మొత్తం ముక్కలైపోతుంది. మామూలు గాజులోనూ గుళికలు నిండిపోయే ఉంటాయి కాబట్టి చెమ్మ మళ్లీ వస్తుంది. దాని మీద డబ్బు పెట్టకండి.

కొత్తది చేయించాలంటే కొలతలే ప్రాణం. టఫెన్డ్ గాజుని తయారయ్యాక అర మిల్లీమీటరు కూడా కోయలేం, అరగదీయలేం. మన మేస్త్రీలు అంగుళాల్లో, సూతుల్లో చెబుతారు. ఒక సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3 మి.మీ. పైచిలుకు. ఈ పనికి అంత తేడా చాలా ఎక్కువ. అందుకని మి.మీ.లోనే రాసివ్వండి. వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఎత్తు కూడా మూడు చోట్ల కొలిచి, తక్కువ వచ్చిన కొలత తీసుకోండి. రెండు కర్ణాలూ, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు కొలిస్తే ఫ్రేము వంకరైందో లేదో తెలుస్తుంది. ఫ్రేము గాడి కొలత నుంచి ప్రతి వైపూ 3 మి.మీ. తగ్గించండి. గుండ్రటి మూలలు ఉంటే కొలతలు రాసివ్వడం సరిపోదు, హార్డ్‌బోర్డ్ మీద మూస కోసి, ఫ్రేములో పెట్టి చూసి, దాని మీద బయటి వైపు, పై వైపు అని రాసి ఇవ్వండి. మందం కూడా రాయండి. 4 మి.మీ. గాజు, 6 మి.మీ. సందు, 4 మి.మీ. గాజు కలిస్తే 14 మి.మీ. పాత యూనిట్ ఎంత మందమో వెర్నియర్ కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) కొలవండి. రంగు గాజు బయటికి రావాలి, రెండూ టఫెన్డ్ కావాలి. రంగు గాజు ఎండకి ఎక్కువ వేడెక్కుతుంది, మామూలు గాజైతే ఆ ఒత్తిడికి అంచు నుంచి పగిలిపోవచ్చు.

ఇక్కడ ఒక మాట. మన ఎండకి డబుల్ గ్లాసే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. చలి దేశాల్లో లోపలి వేడి పోకుండా అది చేసే మేలు ఎక్కువ. కిటికీలోంచి నేరుగా వచ్చే ఎండ వేడిని క్లియర్ డబుల్ గ్లాస్ పెద్దగా ఆపదు. బండిలో ఏసీ వేసుకుని రాత్రిళ్లు పడుకునేవాళ్లకి, శబ్దం తగ్గాలనుకునేవాళ్లకి డబుల్ గ్లాస్ సుఖమే. ఏడాదికి నాలుగైదు ప్రయాణాలు చేసే బండికి 5 మి.మీ. రంగు టఫెన్డ్ సింగిల్ గ్లాస్, లోపల వెండి పూత తెర చాలు. మధ్యలో చెమ్మ పట్టే చోటే ఉండదు. గాడి వెడల్పు మిగిలిపోతుంది కాబట్టి దానికి తగ్గ లోతు రబ్బరు వేయించాలి.

యాక్రిలిక్ కిటికీ అయితే

రెండు పొరల యాక్రిలిక్ కిటికీల్లో కొన్నింటికి అంచున చిన్న ప్లాస్టిక్ బిరడాలు ఉంటాయి. కిటికీ తీసి ఇంట్లో పెట్టి, బిరడాలు తీసి, ఏసీ గదిలో కొన్ని రోజులు వదిలేస్తే చెమ్మ దానంతటదే ఆరుతుంది. హీట్ గన్ మాత్రం వాడకండి, యాక్రిలిక్ వంగిపోతుంది. లోపల నాచు పట్టి ఉంటే, సబ్బు కలిపిన ఫిల్టర్ నీళ్లు కొంచెం పోసి ఊపి, మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టవచ్చు. పైపై గీతలకి ప్లాస్టిక్ పాలిష్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ వాడండి.

షీటు మార్చాల్సి వస్తే వ్యాకోచం గుర్తుపెట్టుకోండి. మీటరు పొడవున్న యాక్రిలిక్ 30 డిగ్రీల తేడాకి సుమారు 2 మి.మీ. పెరుగుతుంది. అదే గాజు పావు మి.మీ. పైచిలుకే పెరుగుతుంది. చుట్టూ సందు వదలకుండా బిగిస్తే మే నెలలో షీటు ఉబ్బి పగులుతుంది. స్క్రూ వేసే కన్నం స్క్రూ కంటే పెద్దదిగా ఉండాలి.

తిరిగి బిగించడం

బాడీ వైపు, ఫ్రేము వైపు ఉన్న పాత సీలెంట్ ఆనవాలు కూడా మిగలకూడదు. స్పిరిట్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బిగింపు రకం ఫ్రేముకి బయటి అంచు లోపలివైపు 3 మి.మీ. మందం బ్యూటైల్ టేపు చుట్టూ పెట్టండి. టేపు మడతలు పడకుండా, లాగకుండా పరవాలి.

కిటికీని కన్నంలో కూర్చోబెట్టి, లోపలి ఫ్రేము స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకేసారి ఒక వైపు గట్టిగా బిగిస్తే అద్దం మీద ఒత్తిడి పడుతుంది. టేపు చుట్టూ సమంగా బయటికి ఉబికాక ఆపండి. మర్నాడు, ఎండ తగిలాక మళ్లీ ఒకసారి కొద్దిగా బిగించి, ఉబికిన టేపుని ప్లాస్టిక్ కత్తితో కోసేయండి.

రబ్బరు బీడింగు అయితే, బాడీ అంచుకి చేరే గాడిలో నైలాన్ తాడు చుట్టూ పెట్టి, సబ్బు నీళ్లు రాసి, అద్దాన్ని బయటి నుంచి ఆనించి, లోపలి నుంచి తాడు లాగుతూ రబ్బరు పెదవిని బాడీ మీదకి ఎక్కించాలి. బయట ఉన్న మనిషి అరచేత్తో అక్కడే తడుతూ ఉండాలి. ఆఖరున లాకింగ్ పట్టీ.

సీలెంట్ పూయాల్సిన చోట వెనిగర్ వాసన వచ్చే చవక సిలికాన్ వద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం అల్యూమినియాన్నీ, డీజీయూ సీలునీ, యాక్రిలిక్‌నీ దెబ్బతీస్తుంది. డబ్బా మీద న్యూట్రల్ అని ఉన్నదే అడగండి. సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, రోజుకి 2 నుంచి 3 మి.మీ. చొప్పున. ఎండాకాలం పొడి గాలిలో ఇంకాస్త ఆలస్యం అవుతుంది కాబట్టి తొందరపడి నీళ్లు కొట్టకండి.

నీటి పరీక్షకి ప్రెషర్ వాషర్ వాడకండి, తోట పైపు చాలు. కింది అంచు దగ్గర మొదలుపెట్టి పది నిమిషాలు, తర్వాత పక్కలు, చివరికి పైన. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో తేలదు. లోపల ఒకరు టార్చ్, టిష్యూ పేపరు పట్టుకుని కూర్చోవాలి. బయట కింది చిల్లుల్లోంచి నీళ్లు రావడం చూస్తే సంతోషించండి, దారి తెరిచే ఉందని అర్థం.

అత్యవసర కిటికీ

బస్సు ఛాసిస్ మీద కట్టిన బండిలో ఒక కిటికీ అత్యవసర ద్వారంగా ఉంటుంది. 2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. ఆ దారిలోనే మనమూ తిరుగుతాం. గ్యాస్ స్టవ్, ఇన్వర్టర్ బ్యాటరీలు, ప్లైవుడ్ అన్నీ ఉన్న బండిలో రాత్రి నిద్రపోతాం. కాబట్టి ఆ కిటికీని మాత్రం సీలెంట్‌తో శాశ్వతంగా అంటించేయకండి. తెరుచుకునే కీలు పనిచేయాలి, గొళ్లెం పిల్లల చేతికి కూడా తిరగాలి.

అద్దం పగలగొట్టి బయటపడాల్సిన చోట టఫెన్డ్ గాజే ఉండాలి. చిన్న సుత్తి మొన మూల దగ్గర తగిలితే అది పలుకులుగా రాలిపోతుంది. లామినేటెడ్ గాజు పగిలినా పొరకి అంటుకుని నిలబడే ఉంటుంది. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీటు సుత్తికి అసలు లొంగదు. పగలదు, చవక అని చెప్పి ఎవరైనా పాలీకార్బొనేట్ వేస్తామంటే అత్యవసర కిటికీకి ఒప్పుకోకండి. సుత్తిని ఆ కిటికీ పక్కనే, తెర వెనక దాగిపోని చోట బిగించండి. బండిలో పడుకునే ప్రతి ఒక్కరి చేతా ఆ గొళ్లెం ఒక్కసారి తీయించి చూడండి.

ఆ తర్వాత మిగిలే పని ఏడాదికి ఒకసారి. మే నెల చివర్లో, తొలి వానకి ముందు, ప్రతి కిటికీ కింద చిల్లుల్లో తీగ దూర్చి, కప్పు నీళ్లు పోసి చూసుకోండి.